కొండల మీద బ్లాక్ కార్బన్ కొలవాలంటే: పరికరం మోసుకెళ్ళే ముందు నుంచి లెక్క తేలేదాకా

ఒక ఘనపు మీటరు గాలిలో 100 నానోగ్రాముల మసి, అంటే బ్లాక్ కార్బన్. ఎత్తైన కొండ మీద మీరు వెతకబోయేది ఇంత కొంచెం. ఎవరెస్ట్ దగ్గర, నేపాల్ వైపు, 5079 మీటర్ల ఎత్తున ఉన్న పిరమిడ్ పరిశోధన కేంద్రంలో 2006 మార్చి నుంచి రెండేళ్ళపాటు వరసగా కొలిస్తే సగటు 160 నానోగ్రాముల దగ్గర తేలింది. వానాకాలంలో అది 50కి పడిపోయింది, వానలకు ముందు నెలల్లో 300 దాటింది. నగరంలో రద్దీ రోడ్డు పక్కన ఇదే అంకె వేలల్లో ఉంటుంది. అందుకే నగరంలో ఎవరూ పట్టించుకోని చిన్న చిన్న తప్పులు కొండ మీద మీ అసలు అంకెనే మింగేస్తాయి. మీ స్టవ్ పొగ, మీ జనరేటర్, గాలి పీడనం, గొట్టంలో తేమ, ఈ నాలుగింటి వల్ల వచ్చే తప్పు మీరు కొలవాలనుకున్న మసి అంత పెద్దది కావచ్చు. కింద రాసినదంతా ఈ నాలుగింటి వల్ల అంకె చెడకుండా చూసుకోవడం గురించే అనుకోండి.

ముందు తేల్చుకోవాల్సింది: మీరు కొలిచేది ఏ బ్లాక్ కార్బన్?

మసి ఒకటే, కానీ కొలిచే పద్ధతిని బట్టి దాని పేరు మారుతుంది. ఫిల్టర్ మీద పేరుకున్న మసి వెలుతురును ఎంత పీల్చిందో చూసి లెక్కగడితే అది ఈక్వివలెంట్ బ్లాక్ కార్బన్. ఫిల్టర్‌ను ల్యాబ్‌లో మెట్లుమెట్లుగా వేడి చేసి, ఏ వేడి దగ్గర ఎంత కార్బన్ బయటికొచ్చిందో చూస్తే ఎలిమెంటల్ కార్బన్. ఒక్కో కణాన్నీ లేజర్‌తో మెరిసేదాకా కాల్చి, ఆ మెరుపును బట్టి బరువు కడితే రిఫ్రాక్టరీ బ్లాక్ కార్బన్. 2013లో ఈ రంగంలోని శాస్త్రవేత్తలు కొందరు కలిసి ఈ పేర్లను ఇలాగే వాడమని సూచించారు. ఒకే గాలిని ఈ మూడు పద్ధతుల్లో కొలిస్తే మూడు అంకెలు వస్తాయి, తేడా చిన్నదేమీ కాదు. కాబట్టి మీ నోట్‌బుక్ మొదటి పేజీలోనే ఏ పద్ధతో రాసి పెట్టుకోండి, తర్వాత వేరేవాళ్ళ అంకెలతో పోల్చేటప్పుడు పనికొస్తుంది.

పీఎం 2.5 చూపించే చవక సెన్సార్లతో ఈ పని జరగదు. అవి కణాలు చెదరగొట్టిన వెలుతురును చూస్తాయి, పీల్చుకున్న వెలుతురును చూడవు. మసి ప్రధానంగా పీల్చేదే. ఆ సెన్సార్‌లో ధూళీ, పొగమంచూ, మసీ అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

పరికరం

నెలల తరబడి ఒకేచోట కొలవాలంటే ఏథలోమీటర్ తీసుకోండి, ఫిల్టర్ టేప్ మీద మసి పట్టి అది వెలుతురును ఎంత పీల్చిందో చూసే పరికరం ఇది. ప్రపంచంలో చాలా కొండ కేంద్రాల్లో ఉన్నది ఇది, లేదా ఇలాగే వెలుతురును బట్టి కొలిచే మల్టీ యాంగిల్ ఫోటోమీటర్. ఏథలోమీటర్ ఏఈ33 మోడల్ 370 నుంచి 950 నానోమీటర్ల దాకా ఏడు రంగుల్లో చూస్తుంది, అందులో 880 నానోమీటర్ల రంగునే బ్లాక్ కార్బన్‌గా లెక్కిస్తారు, ఎందుకంటే అక్కడ మసి తప్ప మిగతా కణాలు పెద్దగా పీల్చవు. ఫిల్టర్ టేప్ మీద గాలి పోయే చోట ఒక గుండ్రటి బూడిదరంగు చుక్క పడుతుంది, అది చిక్కబడుతుంటుంది, ఒక హద్దు దాటగానే టేప్ జరిగి కొత్త చుక్క మొదలవుతుంది. నగరంలో ఈ టేప్ తొందరగా అయిపోతుంది, కొండ మీద అదే చుక్క రోజుల తరబడి ఉంటుంది.

ఎంత కొంచెం కొలుస్తున్నామో తెలియాలంటే ఒకసారి చేత్తో లెక్క వేసి చూడండి. నిమిషానికి 5 లీటర్ల చొప్పున గంటకు 300 లీటర్లు, అంటే 0.3 ఘనపు మీటర్లు. గాలిలో 100 నానోగ్రాములు ఉంటే గంటలో ఫిల్టర్ మీద పడేది 30 నానోగ్రాములు. సెంటీమీటరు వ్యాసం ఉన్న చుక్క మీద ఆ మసి వల్ల వెలుతురు తగ్గేది గంటకు 0.4 శాతం అటూఇటూ. నిమిషానికి చూస్తే అందులో అరవయ్యో వంతు. అందుకే నిమిషం నిమిషం వచ్చే అంకెలు పైకీ కిందికీ ఎగురుతుంటాయి, మైనస్‌లోకి కూడా పోతాయి. పరికరం పాడైందని టెన్షన్ పడొద్దు. గంట సగటు తీసుకుంటే అంకె కుదురుకుంటుంది.

అరచేతిలో పట్టే చిన్న ఏథలోమీటర్లూ ఉన్నాయి, ట్రెక్కింగ్‌లో బ్యాగుకు తగిలించుకుని పోవచ్చు. దారి పక్క లాడ్జీల్లో, వంటిళ్ళలో, లోయ కింది ఊళ్ళలో అవి బాగా పనికొస్తాయి. పైన శుభ్రమైన గాలిలో మాత్రం జాగ్రత్త. అవి నిమిషానికి 50 నుంచి 200 మిల్లీలీటర్లే పీలుస్తాయి, పైగా కుదుపుకూ, ఎండలోంచి నీడలోకి వెళ్ళినప్పుడు వచ్చే ఉష్ణోగ్రత తేడాకూ దొంగ అంకెలు చూపిస్తాయి. నడుస్తూ తీసిన అంకెను ఒక్కసారి కూడా నమ్మకండి. ఆగి, రాతి మీద పెట్టి, అరగంట కదపకుండా ఉంచి తీసిన సగటే వాడండి.

ల్యాబ్‌లో వేడి చేసి చూసే ఫిల్టర్ పద్ధతి ఎంచుకున్నవాళ్ళకు వేరే చిక్కు. క్వార్ట్జ్ ఫిల్టర్లను, వాటిలో ముందే ఉన్న కార్బన్ పోయేలా, ముందుగా 550 డిగ్రీలు లేదా అంతకంటే ఎక్కువ వేడిలో కొన్ని గంటలు కాల్చి, అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి తీసుకెళ్ళాలి, ఇది అందరికీ తెలిసిందే. తెలియక చాలామంది నష్టపోయేది గాలి పరిమాణం దగ్గర. నిమిషానికి 16.7 లీటర్ల పంపుతో 24 గంటలు లాగితే 24 ఘనపు మీటర్లు. 100 నానోగ్రాముల గాలిలో అది 2.4 మైక్రోగ్రాముల మసి. 47 మిల్లీమీటర్ల ఫిల్టర్ మీద పరిస్తే చదరపు సెంటీమీటరుకు 0.2 మైక్రోగ్రాములు కూడా రాదు, ల్యాబ్ యంత్రం పట్టగలిగే హద్దు కూడా దాదాపు అంతే. కాబట్టి రోజుకొక ఫిల్టర్ అన్న అలవాటు కొండ మీద మానేయండి. వారానికొకటి పెట్టండి, లేదా పెద్ద పంపు తీసుకెళ్ళండి. పది ఫిల్టర్లకు ఒకటైనా ఖాళీ ఫిల్టర్ ఉండాలి, అంటే కొండ ఎక్కించి, హోల్డర్‌లో పెట్టి, పంపు వేయకుండా తీసి వెనక్కి తెచ్చినది. దాని మీద ఏం తేలిందో మిగతావాటి నుంచి అంత తీసేయాలి.

చోటు

గాలి ఎటు నుంచి వస్తుందో చూడకుండా పరికరం దించొద్దు. కనీసం రెండు రోజులు గాలి దిశ గమనించండి, పరికరం లేకపోతే చిన్న రిబ్బన్ కట్టిన కర్ర చాలు. కొండల్లో గాలికి ఒక దినచర్య ఉంటుంది. ఎండ పడి వాలు వేడెక్కాక గాలి లోయలోంచి పైకి ఎక్కుతుంది, కింది ఊళ్ళ పొగ దాంతోపాటే వస్తుంది. చీకటి పడ్డాక చల్లబడిన గాలి పైనుంచి కిందికి దిగుతుంది. మధ్యాహ్నం, సాయంత్రం అంకె పెరిగి, తెల్లవారుజామున పడిపోవడం చాలా లోయల్లో కనిపించే తీరు. కాబట్టి పగలు నాలుగు గంటలు కొలిచి ఇదే ఈ కొండ గాలి అని చెప్పడం తప్పు. 24 గంటలూ కొలవాలి, ఒక కాలం మొత్తం కొలిస్తే ఇంకా మంచిది.

లోయ గుండా ఎక్కి వచ్చే మసి కావాలా, దూరదేశాల నుంచి పై గాలుల్లో కొట్టుకొచ్చే మసి కావాలా అన్నది ముందే నిర్ణయించుకోండి. మొదటిది కావాలంటే లోయ గట్టు, రెండోది కావాలంటే శిఖరమో కనుమో. స్విట్జర్లాండ్‌లో యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ 3580 మీటర్ల కనుమ మీద, బొలీవియాలో చకల్తాయా 5200 మీటర్ల పైన ఉన్న కేంద్రాలు ఈ రెండో రకం చోట్లలోనే ఉన్నాయి.

లాడ్జీ, హెలిప్యాడ్, వంటిల్లు, జనరేటర్ గది, ఇవన్నీ గాలికి దిగువన ఉండాలి, మీ గొట్టం ఎగువన ఉండాలి. దిశ రోజులో రెండుసార్లు తిరగబడుతుంది కాబట్టి ఎగువ అన్నది పూర్తిగా దొరకదు, అందుకే దూరం కూడా కావాలి. రక్షిత అడవిలోనో పార్కులోనో పెట్టేటట్టయితే అనుమతి కాగితాలు నెలల ముందే మొదలుపెట్టండి.

గొట్టం, కరెంటు

గాలి లాగే గొట్టం స్టీల్ లేదా రాగిది పెట్టండి, వంచాల్సిన చోట కరెంటు ప్రవహించే రకం సిలికాన్. మామూలు ప్లాస్టిక్ గొట్టంలో స్థిర విద్యుత్తు పుట్టి కణాలు గోడకు అంటుకుంటాయి. గొట్టం నోరు నేలకు, మంచు మట్టానికి బాగా పైన ఉండాలి, శీతాకాలంలో మంచు ఎంత పేరుకుంటుందో స్థానికులను అడిగి ఆ ఎత్తుకు పైన పెట్టండి. నోటికి వాన పడకుండా టోపీ, పురుగులు పోకుండా జాలి ఉండాలి.

తేమ గురించి ఎంత చెప్పినా తక్కువే. బయట మైనస్ పది, గదిలో పదిహేను డిగ్రీలు ఉంటే గాలి లోపలికి వచ్చి దానంతటదే ఆరుతుంది, అది మంచిదే. వేసవి మబ్బుల్లో మాత్రం తడిగాలి నేరుగా ఫిల్టర్‌కు తగులుతుంది, మబ్బు వచ్చినప్పుడొకసారి, పోయినప్పుడొకసారి అంకె ఎగురుతుంది, మైనస్‌లోకి పడుతుంది. గొట్టంలో గాలిని ఆరబెట్టే డ్రయ్యర్ పెట్టండి. తేమ సెన్సార్ కూడా పక్కనే పెట్టి రికార్డు చేయండి, తర్వాత అలా ఎగిరిన అంకెలను గుర్తుపట్టడానికి వేరే దారి లేదు.

సోలార్ మీద నడిపేవాళ్ళు లిథియం బ్యాటరీలను సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేయొద్దు, శాశ్వతంగా పాడవుతాయి. థర్మోకోల్ పెట్టెలో పెట్టి, పరికరం నుంచి వచ్చే వేడి అటు తగిలేలా చూడండి. ల్యాప్‌టాప్‌లో తిరిగే రకం హార్డ్‌డిస్క్ ఉంటే మార్చేసి ఎస్‌ఎస్‌డీ వేయించండి, ఆ డిస్కుల్లో చాలావాటికి 3000 మీటర్లే హద్దు, గాలి పలచబడితే లోపలి హెడ్ సరిగా తేలదు. పిడుగుల కోసం ఎర్తింగ్ తప్పనిసరి.

ఇంకో మాట, పరికరం గురించి కాదు, మీ గురించి. 3000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్ల కంటే ఎక్కువ పెంచొద్దు. తలనొప్పితో, వాంతులతో ఉన్న మనిషి పరికరం సరిగ్గా బిగించలేడు. పరిస్థితి ముదిరితే పరికరం వదిలేసి కిందికి దిగండి.

పీడనం లెక్క, ఇక్కడ ఆగి చదవండి

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే, ఆ తప్పు దాదాపు రెండింతలు. 5000 మీటర్ల దగ్గర గాలి పీడనం 550 హెక్టోపాస్కల్స్ అటూఇటూ, అంటే సముద్రమట్టంలో సగం కంటే కాస్త ఎక్కువ. గాలి పలచబడింది కాబట్టి ఒక ఘనపు మీటరు అంటే ఏ ఘనపు మీటరు అన్న ప్రశ్న వస్తుంది. అక్కడి గాలిదా, సముద్రమట్టం పీడనానికి నొక్కేసిన గాలిదా?

అక్కడి గాలి అంకెను ప్రామాణిక స్థితికి, అంటే 1013.25 హెక్టోపాస్కల్స్, 0 డిగ్రీలకు మార్చే లెక్క సులువే. ప్రామాణిక గాఢత = అక్కడి గాఢత × (1013.25 ÷ అక్కడి పీడనం) × (అక్కడి ఉష్ణోగ్రత ÷ 273.15). ఉష్ణోగ్రత కెల్విన్‌లో వేయాలి. 550 హెక్టోపాస్కల్స్, మైనస్ 5 డిగ్రీలు అనుకుంటే 1.84 × 0.98, అంటే 1.81. అక్కడి గాలిలో 100 నానోగ్రాములు ఉంటే కాగితం మీద 181 అవుతుంది. రెండూ నిజమే. ఏదో చెప్పకపోతే మాత్రం రెండూ పనికిరావు.

చిక్కేమిటంటే ఏఈ33 లాంటి పరికరాలు ప్రవాహాన్ని బరువు లెక్కన కొలిచి, తమకు నచ్చిన ప్రామాణిక స్థితికి మార్చి చూపిస్తాయి. ఆ స్థితి 0 డిగ్రీలా, 21.11 డిగ్రీలా, 25 డిగ్రీలా అన్నది సెట్టింగ్స్‌లో ఉంటుంది. 0కీ 25కీ మధ్యనే 9 శాతం తేడా. పరికరం ఆన్ చేసిన రోజే ఆ స్క్రీన్ ఫోటో తీసి పెట్టుకోండి. అక్కడి పీడనం, ఉష్ణోగ్రత విడిగా రికార్డు చేయండి, అవి ఉంటే ఎప్పుడైనా ఎటైనా మార్చుకోవచ్చు.

దీని వెనకే ఇంకోటి ఉంది. ప్రామాణిక స్థితిలో నిమిషానికి 5 లీటర్లు అని సెట్ చేస్తే, 5000 మీటర్ల దగ్గర గొట్టంలో నిజంగా పరుగెత్తేది 9 లీటర్లు. గొట్టంలో పెద్ద కణాలను ఆపే సైక్లోన్ అనే భాగాన్ని 5 లీటర్ల వేగానికి తయారుచేశారు, 9 లీటర్లు పోతే అది 2.5 మైక్రాన్ల కంటే చిన్న కణాలను కూడా ఆపేస్తుంది. మసి చాలావరకు ఒక మైక్రాన్ లోపే కాబట్టి పెద్ద నష్టం ఉండకపోవచ్చు, కానీ ధూళి ఎంత లోపలికి వస్తుందో మారిపోతుంది. పైగా పలచటి గాలిలో పంపు ఆయాసపడుతుంది. ప్రవాహం తగ్గించి, అక్కడి అసలు వేగం 5 లీటర్లు వచ్చేలా పెట్టుకోవడమే నా సలహా. బయటి ఫ్లో మీటర్‌తో కొండ మీదే సరిచూడండి, కింద ల్యాబ్‌లో చూసింది లెక్కలోకి రాదు.

మొదటి రోజు పరీక్షలు

గొట్టం నోటికి హెపా ఫిల్టర్ తగిలించి కొన్ని గంటలు నడపండి. శుభ్రమైన గాలి పోతుంది కాబట్టి సగటు సున్నా చుట్టూ ఉండాలి. ఉండకపోతే ఎక్కడో లీకు ఉంది, ప్రయాణంలో కుదుపులకు బిగింపులు వదులవుతుంటాయి. ఈ పరీక్షలో వచ్చిన అటూఇటూ ఊగే తీరే మీ పరికరం నిజమైన హద్దు, అమ్మినవాళ్ళ కాగితం మీద రాసిన అంకె కాదు. నెలకొకసారి మళ్ళీ చేయండి.

గడియారం యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో పెట్టండి. నేపాల్ సమయం యూటీసీకి 5 గంటల 45 నిమిషాలు ముందు, భారత్ 5 గంటల 30 నిమిషాలు ముందు. ఈ పావుగంట తేడా వల్ల వాతావరణ కేంద్రం అంకెలూ మీ అంకెలూ కలవక రోజుల తరబడి తల పట్టుకోవాల్సి వస్తుంది.

డైరీ

నాకు ఒక శిబిరంలో రోజూ పొద్దున ఆరుంబావుకు అంకె ఆరేడు రెట్లు లేచి, ఇరవై నిమిషాల్లో దిగిపోయేది. లోయ గాలి అంత పొద్దున్నే ఎక్కదు. మూడో రోజు కాఫీ గ్లాసు పట్టుకుని బయట నిలబడి గమనిస్తే, కిరోసిన్ స్టవ్ వెలిగించిన మొదటి రెండు నిమిషాలు వచ్చే నల్లటి పొగ గుడారం అంచు పట్టుకుని నేరుగా గొట్టం వైపే పోతోంది. స్టవ్‌ను నలభై అడుగులు అవతలికి జరిపాం, అంకె అలా లేవడం ఆగింది. ఆ మూడు రోజుల పొద్దుటి అంకెలు తీసేయాల్సి వచ్చింది. డైరీలో స్టవ్ వెలిగించిన సమయం రాసి ఉండబట్టే ఏవి తీయాలో తెలిసింది.

అందుకే శిబిరంలో అందరికీ అందేచోట ఒక పుస్తకం, దారంతో కట్టిన పెన్సిల్ పెట్టండి, పెన్ను చలికి గడ్డకడుతుంది. స్టవ్, జనరేటర్, హెలికాప్టర్, సిగరెట్, చెత్త కాల్చడం, దగ్గరగా పోయిన గుర్రాల బిడారు, ఏదైనా సరే సమయం వేసి రాయమనండి. వంట చేసే అన్నకూ, సామాను మోసేవాళ్ళకూ ఎందుకో వివరంగా చెప్పండి. ఈ మసి పడే హిమానీనదం నీళ్ళు తాగేది వాళ్ళే, అర్థమైతే మనకంటే శ్రద్ధగా రాస్తారు.

అంకెలు శుభ్రం చేయడం

డైరీలో ఉన్న సమయాలూ, జనరేటర్ వైపు నుంచి గాలి వీచిన సమయాలూ తీసేయండి. నిమిషాల్లో లేచి నిమిషాల్లో పడిపోయేవి దాదాపు ఎప్పుడూ పక్కనున్న పొగే, దూరం నుంచి వచ్చే మసి గంటల మీద నెమ్మదిగా పెరుగుతుంది. అయితే పెద్ద అంకె కనబడ్డదల్లా తీసేయొద్దు. అడవి కాలినప్పుడు నిజంగానే పెద్ద అంకెలు వస్తాయి. గంగోత్రి హిమానీనదం దగ్గర చీర్‌బాసాలో 2016లో కొలిచినప్పుడు ఆగస్టు సగటు 89 నానోగ్రాములైతే మే సగటు 840. పంట పొలాలూ అడవులూ కాలే కాలం అది.

మైనస్ అంకెలను మాత్రం తీయనే తీయొద్దు. సున్నా చుట్టూ ఊగే అంకెల్లో కింది సగం తీసేస్తే సగటు దానంతటదే పైకి లేస్తుంది, లేని మసి పుడుతుంది.

ఫిల్టర్ దారాల మధ్య వెలుతురు అటూఇటూ చెదిరి ఎక్కువ దూరం తిరుగుతుంది కాబట్టి మసి ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. దాన్ని సరిచేయడానికి పరికరం లోపల ఒక గుణకం ఉంటుంది, టేప్ రకాన్ని బట్టి 1.39 లేదా 1.57. కణాలు వెలుతురును ఎక్కువ చెదరగొట్టే కొండ గాలిలో ఈ గుణకం పెరుగుతుందని ఇప్పుడు తెలుసు. మార్చినా, మార్చకపోయినా ఏది వాడారో రాయండి.

ఏడు రంగులు ఉన్నాయి కదా అని ఇంత శాతం డీజిల్, ఇంత శాతం కట్టెల పొగ అని విడగొట్టడానికి తొందరపడకండి. ఎర్రటి ధూళి కూడా నీలం వైపు రంగులను ఎక్కువగా పీలుస్తుంది, కట్టెల పొగ లాగే. ధూళి వీచే నెలల్లో ఆ లెక్క మోసం చేస్తుంది.

మంచులోని మసి

గాలిలో మసి వారం పది రోజులు మించి ఉండదు. హిమానీనదం మీద దిగింది మాత్రం అక్కడే ఉంటుంది, మంచు కరిగేకొద్దీ పైకి తేలి మరింత నల్లబడుతుంది. గ్రాము మంచులో 10 నుంచి 100 నానోగ్రాములు ఉన్నా ఎండను తిప్పికొట్టే శక్తి 1 నుంచి 5 శాతం దాకా తగ్గుతుంది. నీళ్ళ కోసం ఆ మంచునే నమ్ముకున్న లోయలకు ఇది చిన్న విషయం కాదు, కాబట్టి పైదాకా వెళ్ళాక మంచు నమూనా తీయకుండా దిగొద్దు.

గాలికి ఎదురుగా నిలబడండి, మీ బట్టల నుంచి రాలేది నమూనా మీద పడకూడదు. గ్లవ్స్ వేసుకుని, స్టీల్ తాపీని ముందు పక్క మంచులో రెండు మూడుసార్లు దించి శుభ్రం చేసి, పై 5 సెంటీమీటర్లు విడిగా, కింది పొరలు విడిగా తీయండి. చివరిసారి మంచు ఎప్పుడు పడిందో రాయండి, అది లేకపోతే ఆ నమూనాకు అర్థం లేదు. ల్యాబ్ చేరేదాకా కరగనివ్వకూడదు. ఒకసారి కరిగి మళ్ళీ గడ్డకడితే కణాలు ముద్దలవుతాయి. కరిగిన నీళ్ళ సీసాను చేతిలో పట్టుకుని చూస్తే తెలుస్తుంది, నీళ్ళు తేటగానే ఉంటాయి, మసి నీళ్ళను తప్పించుకుని సీసా గోడను అంటుకుని సన్నటి బూడిదరంగు గీతలా కనిపిస్తుంది. ప్లాస్టిక్ సీసాలో ఇది ఇంకా ఎక్కువ. గాజు సీసా వాడి, కరిగిన వెంటనే అల్ట్రాసౌండ్ తొట్టెలో పదిహేను నిమిషాలు ఉంచి, ఆలస్యం చేయకుండా ఫిల్టర్‌లోంచి పోయండి. సీసాను శుభ్రమైన నీళ్ళతో కడిగి ఆ నీళ్ళు కూడా అదే ఫిల్టర్‌లో పోయండి.

చల్లగా కిందికి తేలేని పరిస్థితి ఉంటే శిబిరంలోనే కరిగించి ఫిల్టర్ చేసి, ఫిల్టర్లు మాత్రం తెచ్చుకోండి. కరిగించేటప్పుడు మూత బిగించండి, స్టవ్ పక్కన కాకుండా గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో పెట్టండి. స్టవ్ వెలిగించిన సమయం డైరీలో రాయడం మరచిపోవద్దు.